పాలక్కాడ్ కనుమలో మూడు వాల్వులు

గుజరాత్ సరిహద్దుల నుండి కన్యాకుమారి దాపుల వరకు కోటగోడలా సాగిన పడమటి కనుమలలో చెప్పుకోదగిన పెద్ద ఖాళీ ఒక్కటే ఉన్నది. అది పాలక్కాడ్ కనుమ. ఉత్తరాన నీలగిరులు, దక్షిణాన ఆనమలై కొండలు. అటు దొడ్డబెట్ట ఎత్తు 2637 మీటర్లు, ఇటు ఆనముడి 2695 మీటర్లు. ఈ రెండు శ్రేణుల నడుమ 30, 40 కిలోమీటర్ల వెడల్పున నేల ఒక్కసారిగా దిగిపోయి, సముద్రమట్టానికి సుమారు 140 మీటర్ల ఎత్తున మాత్రమే ఉంటుంది. నైరుతి ఋతుపవన కాలంలో పడమటి గాలి ఈ సందులో నుండే కోయంబత్తూరు మీదికి దూకుతుంది. మార్గశిర, పుష్య మాసాలలో గాలి దిశ మారి తూర్పు నుండి పొడిగా, విసురుగా వీస్తుంది. 2023 డిసెంబరులో మేము వెళ్ళినపుడు ఆ తూర్పుగాలి మొదలై ఉన్నది.

మేము వెళ్ళినది విహారయాత్రకు కాదు. మా కర్మాగారంలో రాబోయే షట్‌డౌన్‌లో మార్చవలసిన కంట్రోల్ వాల్వులలో మూడింటిని పరీక్షకు ఎంపిక చేసి, సాక్షులుగా ఉండేందుకు ముగ్గురిని పంపారు. ఇన్‌స్ట్రుమెంటేషన్ నుండి ఇద్దరం, మెకానికల్ మెయింటెనెన్స్ నుండి ఒకరు. సికింద్రాబాదులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేసరికి బోగీ అంతా నల్లని దుస్తులు ధరించిన స్వాములతో నిండి ఉన్నది. మిర్యాలగూడ రైస్ మిల్లులో బాయిలర్ చూసుకునే స్వామి ఒకరు మా ప్రయాణ కారణం విని, "వాల్వులను చూడడానికి ఇంత దూరమా స్వామీ? తెరిస్తే నీళ్ళు వస్తాయి, మూస్తే ఆగుతాయి. అంతకు మించి ఏముంటుంది?" అన్నారు. తెరవడానికీ మూయడానికీ మధ్యనున్న దానిని గురించే మా ప్రయాణమని చెప్పాము. ఆయన నవ్వి, మాకు అరటిపండ్లు ఇచ్చారు.

మర్నాడు ఉదయం కోయంబత్తూరు దాటిన తరువాత ఎట్టిమడై, వాళయార్. ఇక్కడ పట్టాలు అడవి అంచున సాగుతాయి. ఏనుగులు దాటే మార్గం గనుక బండ్లు వేగం తగ్గించుకుంటాయి. కిటికీలో నుండి చూస్తే మనకు బాగా పరిచయమైన చెట్టే వరి పొలాల గట్ల మీద బారులుగా కనిపిస్తుంది: తాటిచెట్టు. కేరళ అనగానే కొబ్బరిని ఊహించుకునే వారికి పాలక్కాడ్ తాటి వనాలు చిన్న ఆశ్చర్యం. కంజికోడ్‌లో మా బండి ఆగదు. పాలక్కాడ్ జంక్షన్‌లో దిగి, వచ్చిన దారినే రోడ్డు మీద వెనక్కు రావలసి ఉంటుంది.

కంజికోడ్ పేరు మన వంటి సంస్థలలో పనిచేసే వారికి కొత్త కాదు. ఐ.టి.ఐ. టెలిఫోన్ పరికరాల కర్మాగారం ఇక్కడ ఉన్నది. బి.ఇ.ఎమ్.ఎల్. ఇక్కడికి వచ్చినది. 1964లో రాజస్థాన్‌లోని కోటాలో ఏర్పడిన ఇన్‌స్ట్రుమెంటేషన్ లిమిటెడ్ తన కంట్రోల్ వాల్వుల విభాగాన్ని ఇక్కడే నెలకొల్పింది. కోటా యూనిట్ తరువాతి కాలంలో మూతపడింది. ఆ పేరు గల పాత రికార్డర్లు మా కంట్రోల్ రూములో ఏళ్ళ తరబడి పనిచేశాయి. మేము వెళ్ళిన చోటు మాత్రం ఫ్లూయిడ్ కంట్రోల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్. 1987లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం సహాయంతో భారత ప్రభుత్వం నెలకొల్పిన ఈ సంస్థలో నీరు, గాలి, నూనెల ప్రవాహాల మీద మీటర్లనూ వాల్వులనూ పరీక్షిస్తారు.

పరీక్ష విధానం వినడానికి సులభమే. వాల్వును తిన్నని పైపులో బిగించి, దానికి ముందు పైపు వ్యాసానికి రెండు రెట్ల దూరంలో, వెనుక ఆరు రెట్ల దూరంలో పీడనం కొలిచే రంధ్రాలు ఉంచుతారు. స్టెమ్‌ను పది శాతం చొప్పున లేపుతూ, ప్రతి మెట్టు వద్ద వాల్వుకు ఇరువైపుల పీడన వ్యత్యాసం మారకుండా చూసి, ప్రవాహాన్ని కొలుస్తారు. ఆ అంకెలను గ్రాఫు మీద కలిపితే వచ్చేదే ఆ వాల్వు సహజ ప్రవాహ లక్షణం. పీడన వ్యత్యాసం స్థిరంగా ఉండడమన్నది పరీక్షాశాలలో సాధ్యం, కర్మాగారంలో అరుదు. మా ముగ్గురికీ మూడు రోజులు చర్చకు పని కల్పించినది ఈ ఒక్క భేదమే.

సాంకేతికేతర విభాగాల మిత్రుల కోసం కొంత వివరణ అవసరం. లీనియర్ లక్షణం గల వాల్వులో స్టెమ్ ఎంత శాతం లేస్తే ప్రవాహం అంత శాతం. సగం లేపితే సగం. ఈక్వల్ పర్సంటేజ్, అనగా సమశాత లక్షణం గల దానిలో ప్రతి సమాన మెట్టుకూ అప్పటికి ఉన్న ప్రవాహం మీద ఒకే శాతం పెరుగుతుంది. మన జీతాల భాషలో చెప్పాలంటే, పూర్వపు స్కేళ్ళలో ఏటా ఒకే మొత్తం చేరే ఇంక్రిమెంటు లీనియర్. 2007 వేతన సవరణ తరువాత మూల వేతనం మీద 3 శాతంగా వచ్చే ఇంక్రిమెంటు సమశాతం. మొదట తక్కువగా, చివర దండిగా. వాల్వు వ్యాప్తి నిష్పత్తి 50 అయితే పది శాతం లిఫ్ట్‌కు ప్రవాహం సుమారు 48 శాతం చొప్పున హెచ్చుతుంది. సగం లేపిన చోట అది పూర్తి ప్రవాహంలో 14 శాతం మాత్రమే. 70 శాతం వద్ద 31. 90 శాతం వద్ద 68. మూడవది క్విక్ ఓపెనింగ్. పళ్ళెం వంటి ప్లగ్ సీటు వ్యాసంలో నాలుగవ వంతు లేస్తే చాలు, చుట్టూ ఏర్పడిన సందు వైశాల్యం రంధ్రపు వైశాల్యానికి సమానమవుతుంది. ఆ పైన ఎంత లేపినా వచ్చే లాభం స్వల్పం.

ఈ భేదాలన్నీ లోపలి కేజ్‌లో ఉంటాయి. మొదటి రోజున విప్పి చూపిన కేజ్‌లను బల్ల మీద వరుసగా పెట్టినపుడు మా మెకానికల్ మిత్రుడు వాటిని చేతిలోకి తీసుకొని చాలాసేపు తిప్పి చూశారు. ఒకే వ్యాసం, ఒకే ఎత్తు, ఒకే లోహం. లీనియర్ కేజ్‌కు కిటికీలు పై నుండి క్రింది వరకు ఒకే వెడల్పు. సమశాత కేజ్‌కు క్రింద సన్నని చీలిక, పైకి పోను పోను గంటలా విచ్చుకున్న కిటికీ. బయటి బాడీ చూస్తే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. డేటా షీట్‌లో ఒక చిన్న గడి, అందులో ఒక టిక్కు. తేడా అంతా దానిలోనే.

మూడు వాల్వుల డేటా షీట్లలోనూ ఆ టిక్కు 'ఈక్వల్ పర్సంటేజ్' ఎదుటనే ఉన్నది. కొలతలు కూడా అందుకు తగినట్లే వచ్చాయి. పరీక్షాశాల వారి దృష్టిలో మూడూ ఉత్తీర్ణమే. సంతకాలు చేసి మధ్యాహ్నానికే తిరుగు ప్రయాణం కట్టవచ్చు. అయితే ఆ టిక్కులు ఎలా వచ్చాయో మాలో ఒకరికి తెలుసు.

ఆయన పూర్వం పనిచేసిన ఉత్తరాది కర్మాగారంలో ఒక హీట్ ఎక్స్ఛేంజర్‌కు శీతల జలం పంపే లైను ఉండేది. పంపుకు దూరంగా, ఎన్నో మలుపులు తిరిగి వచ్చే లైను. అక్కడ లీనియర్ వాల్వు బిగించారు. పూర్తిగా తెరిచినపుడు మొత్తం పీడన నష్టంలో వాల్వు వాటా పదవ వంతు; మిగిలిన తొమ్మిది వంతులు పైపులూ, ఎక్స్ఛేంజరూ తినేవి. అటువంటి లైనులో వాల్వును కాస్త మూయగానే ప్రవాహం తగ్గుతుంది, పైపులలో నష్టం ప్రవాహ వర్గానికి అనుగుణంగా పడిపోతుంది, ఆ మిగులు పీడనమంతా వాల్వు మీదికే వస్తుంది. ఫలితంగా లీనియర్ వాల్వు లీనియర్‌గా ఉండదు. లెక్క వేస్తే 20 శాతం లిఫ్ట్‌కే 54 శాతం ప్రవాహం, 50 శాతం లిఫ్ట్‌కు 88 శాతం. చలికాలపు రాత్రులలో కావలసిన నీరు 30 శాతం. అందుకు వాల్వు 10 శాతం వద్ద నిలవాలి. ఆ చోట స్టెమ్ 1 శాతం కదిలితే పూర్తి ప్రవాహంలో దాదాపు 2.8 శాతం నీరు మారుతుంది. అదే పూర్తిగా తెరిచిన చోట 1 శాతం కదలికకు మారేది 0.1 శాతం. ఒకే వాల్వు ఒక చోట ఇరవై ఎనిమిది రెట్లు దుడుకు.

కంట్రోలర్‌ను పగటికి సరిచేస్తే రాత్రి ఊగేది, రాత్రికి సరిచేస్తే పగలు నిద్రపోయేది. చివరికి అక్కడి సిబ్బంది దానిని మాన్యువల్‌లో పెట్టి, బైపాస్ వాల్వు వద్ద ఒక మనిషిని నిలబెట్టారు. ఒక శీతకాలమంతా, రాత్రి షిఫ్టులో, మఫ్లరు చుట్టుకున్న ఆపరేటరు ఒకరు వాకీటాకీలో వచ్చే ఉష్ణోగ్రత వింటూ చక్రాన్ని పావు మలుపు అటు, పావు మలుపు ఇటు తిప్పుతూ ఉండేవారు. సీటుకు ఆనుకొని నిరంతరం పనిచేసినందువల్ల ప్లగ్ అంచు కోసుకుపోయి, వాల్వు మూసినా కారేది. చివరకు కేజ్ మార్చి సమశాతం వేశారు. అదే లైనులో సమశాత కేజ్ 30 శాతం లిఫ్ట్‌కు 20 శాతం, 50కి 41, 70కి 72 శాతం నీరు ఇస్తుంది. దాదాపు సరళరేఖ. ఎక్స్ఛేంజర్ కూడా ఒక కారణం: నీరు తక్కువగా ఉన్నపుడు అదనంగా వచ్చిన ప్రతి లీటరూ ఎక్కువ చల్లబరుస్తుంది, నీరు హెచ్చిన కొద్దీ ఆ ప్రభావం సన్నగిల్లుతుంది. అందువల్ల మొదట నెమ్మదిగా తెరుచుకునే వాల్వే అక్కడ తగినది. బైపాస్ వద్ద నిలబడే డ్యూటీ రద్దయింది.

ఆ విజయం నుండే ఒక నియమం పుట్టి, అక్కడి నుండి బదిలీలతో పాటు ఇతర కర్మాగారాలకు ప్రయాణించింది: "ఏది వేయాలో తోచకపోతే సమశాతం వేయండి." మా మూడు టిక్కులకూ మూలం అదే. తెలియని చోట అది చెడ్డ సలహా కాదని మేమూ ఒప్పుకుంటాము. కాని మా మూడు లైన్లూ తెలియనివి కావు. ముగ్గురమూ రోజూ వాటి ప్రక్కన నడిచే వాళ్ళమే.

మొదటి వాల్వు శీతల జలానిదే, పొడవైన లైను మీదిదే. దానికి సమశాతమే తగినది, వాదం లేదు. రెండవది డి.ఎమ్. వాటర్ ఓవర్‌హెడ్ ట్యాంకు నుండి క్రిందనున్న తొట్టికి నీరు దింపే లెవెల్ వాల్వు. నిట్టనిలువు పొట్టి పైపు, పంపు లేదు, ఎత్తు మారదు. పీడన వ్యత్యాసం ఇంచుమించు పరీక్షాశాలలో వలెనే స్థిరం. అటువంటి చోట సమశాతం వేస్తే దాని వంపు వంపుగానే మిగిలిపోతుంది. సగం నీటికి వాల్వు 82 శాతం తెరుచుకోవాలి. క్రింది సగం ప్రయాణమంతా కలిపి ఇచ్చేది 14 శాతమే గనుక, తక్కువ వాడకంలో మందకొడిగా, ఎక్కువ వాడకంలో తొందరగా ప్రవర్తిస్తుంది. అక్కడ లీనియర్ ఉండాలి.

మూడవదే మమ్మల్ని కలవరపెట్టినది. అది రియాక్టర్ మీది అత్యవసర క్వెంచ్ వాల్వు. ఉష్ణోగ్రత హద్దు దాటితే సోలినాయిడ్ గాలిని వదిలివేస్తుంది, స్ప్రింగు వాల్వును తెరుస్తుంది, నీరు లోపలికి రావాలి. ఈ వాల్వు మధ్యలో ఎక్కడా నిలవదు. దాని పని ఒక్కటే, ఆలస్యం లేకుండా నీరు ఇవ్వడం. నాలుగు సెకండ్లలో తెరుచుకునే వాల్వుకు సమశాత కేజ్ ఉంటే రెండు సెకండ్లు గడిచేసరికి తెరుచుకునే దారి ఏడవ వంతు. సగంలో ఇరుక్కుంటే అక్కడితో సరి. క్విక్ ఓపెనింగ్ అయితే సగంలో ఇరుక్కున్నా రియాక్టర్‌కు చాలినంత నీరు వస్తుంది.

మా జట్టులోని చిన్నవారు, డిజిటల్ పొజిషనర్లతో పెరిగిన తరం వారు, "కేజ్ ఎందుకు మార్చాలి సార్? లక్షణాన్ని పొజిషనర్ సాఫ్ట్‌వేర్‌లోనే మార్చవచ్చు కదా?" అని అడిగారు. మంచి ప్రశ్న. లెవెల్ వాల్వుకు అలా సర్దుకోవచ్చు, అవసరమైతే. కాని ఉన్న కేజ్ వంపును సాఫ్ట్‌వేర్‌తో నిఠారు చేసినపుడు, పై భాగంలో స్టెమ్ అతి చిన్న అడుగులు వేయవలసి వస్తుంది. ప్యాకింగ్ రాపిడి ఆ చిన్న అడుగులను మింగివేస్తుంది. క్వెంచ్ వాల్వుకైతే ఆ దారే లేదు. సోలినాయిడ్ గాలిని వదిలినపుడు పొజిషనర్‌ను ఎవరూ సంప్రదించరు. స్ప్రింగుకూ, కేజ్‌కూ మధ్య సాఫ్ట్‌వేర్ ఉండదు.

మెకానికల్ మిత్రుడికి మాత్రం ఇంకా సందేహం. "వాల్వు అదే, కిటికీ అదే. లైను మారితే లక్షణం మారుతుందంటే మనసు ఒప్పుకోవడం లేదు" అన్నారు. మర్నాడు ఆదివారం. పరీక్షాశాలకు సెలవు. మలంపుళ ఆనకట్టకు వెళ్ళాము. భారతప్పుళకు నీరిచ్చే ఉపనది మీద అప్పటి మద్రాసు ప్రభుత్వం కట్టినది, 1955లో ప్రారంభమైంది. 1953 వరకు ఈ మలబారు జిల్లా, మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఒకే రాష్ట్రంలో ఉండేవన్నది ఇప్పటి వారికి గుర్తు ఉండదు. తోటలో కానాయి కుంజిరామన్ 1969లో చెక్కిన యక్షి విగ్రహం చుట్టూ జనం. మేము ఆనకట్ట మీద, గాలికి తలలు వంచుకొని నడిచాము.

కాలువ తూము వద్ద నిలబడినపుడు విషయం తేలికైంది. తూము షట్టర్‌ను ఒకే ఎత్తున లేపి ఉంచినా, జలాశయం నిండుగా ఉన్నపుడు వచ్చే నీరు వేరు, వేసవిలో వచ్చే నీరు వేరు. పైన నిలిచిన నీటి ఎత్తు నాలుగవ వంతుకు తగ్గితే వేగం సగానికి తగ్గుతుంది. అందుకే ఏ తూము లస్కరైనా, ఏ చదువూ లేకుండానే, మట్టం పడిపోయిన కొద్దీ అదే నీటి కోసం మరికొన్ని చుట్లు తిప్పుతాడు. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన మా మిత్రుడు ఈ మాట వినగానే ఆగిపోయారు. "మా ఊరి కాలువ లాకుల వద్ద చూసినదే కదా ఇది! చేతి చక్రానికి ఒక లెక్క, వెనుక నీటికి ఒక లెక్క" అన్నారు. శీతల జలపు లైనులో ప్రవాహం హెచ్చిన కొద్దీ వాల్వు వెనుక జలాశయం తనంతట తాను ఎండిపోతున్నట్లు ఊహించుకోమన్నాము. ఓవర్‌హెడ్ ట్యాంకులో అది ఎండదు. ఆ సాయంత్రం టీ డబ్బులు ఆయనే ఇచ్చారు.

సాంకేతిక నిర్ణయం అయిపోయింది. మన సంస్థలలో అసలు పని ఆ తరువాతే మొదలవుతుంది. కొనుగోలు ఉత్తర్వు జారీ అయి, వస్తువు తయారై, తనిఖీకి వచ్చిన దశలో స్పెసిఫికేషన్ మార్చడమంటే మెటీరియల్స్ విభాగానికి ఆడిట్ గుర్తుకు వస్తుంది. సోమవారం ఉదయం ఫోనులో మాకు వినిపించిన మొదటి ప్రశ్న, "ఆర్థిక భారం ఎంత?" రెండవది, "ఉత్తర్వు ప్రకారం ఉన్న వస్తువును మీరు ఎందుకు తిరస్కరిస్తున్నారు?" మేము తిరస్కరించడం లేదు. వస్తువు ఉత్తర్వుకు సరిగ్గా ఉన్నది. ఉత్తర్వు లైనుకు సరిగ్గా లేదు. ఈ వాక్యాన్ని ఫైలు భాషలోకి మార్చడానికి రెండు గంటలు పట్టింది. తయారీదారు ప్రతినిధి పెద్దమనిషి. లీనియర్ కేజ్ అదే సైజులో సిద్ధంగా ఉన్నదనీ, ధరలో తేడా లేదనీ రాసి ఇచ్చారు. క్విక్ ఓపెనింగ్ ట్రిమ్‌కు మూడు వారాలు కావాలి. మా షట్‌డౌన్ ఐదు వారాల దూరంలో ఉన్నది. ఫైనాన్స్ వారు 'అదనపు వ్యయం లేదు' అన్న మాట చూసి సమ్మతించారు. క్వెంచ్ వాల్వు కోసం రాసిన నోటులో మేము గ్రాఫు జతపరచలేదు. రెండు సెకండ్లకు ఏడవ వంతు అన్న ఒక్క వాక్యం రాశాము. సేఫ్టీ విభాగాధిపతి సంతకం గంటలోపే వచ్చింది.

మంగళవారం లెవెల్ వాల్వును కొత్త కేజ్‌తో మళ్ళీ బెంచి ఎక్కించారు. 4 నుండి 20 మిల్లీ ఆంపియర్ల సంకేతంలో 12 వద్ద స్టెమ్ సగానికి నిలిచింది, నీరూ దాదాపు సగానికి నిలిచింది. పరీక్షాశాలలో పనిచేసే మలయాళీ యువకుడు అంకె చదివి, మా వైపు చూసి తల ఊపాడు. మేము కోరిన అదనపు జాగ్రత్త ఒక్కటే: క్వెంచ్ వాల్వు తెరుచుకోవడం వేగంగా ఉన్నా, మూసుకోవడం నెమ్మదిగా ఉండేలా గాలి లైనులో వేగ నియంత్రకం బిగించాలి. పొడవైన నీటి లైనును ఠక్కున మూస్తే పైపుకు తగిలే దెబ్బను మెకానికల్ మిత్రుడు మాకంటే బాగా ఎరుగుదురు. ఆ నిబంధన ఆయన చేతనే రాయించాము.

వాల్వులు షట్‌డౌన్‌కు ముందే చేరాయి. శీతల జలపు వాల్వు పగటిపూటా రాత్రిపూటా ఆటోలోనే ఉన్నది. దాని బైపాస్ చక్రానికి తాళం వేసి, చెవిని షిఫ్ట్ ఇన్‌చార్జి వద్ద ఉంచాము. ట్యాంకు లెవెల్ ట్రెండు గీత చూడడానికి ఇప్పుడు ఎవరికీ ఆసక్తి లేదు, అందులో చూడడానికి ఏమీ ఉండదు గనుక. క్వెంచ్ వాల్వును నిర్ణీత కాలానికి ఒకసారి, నీటి లైనును వేరుచేసి, కదిలించి చూస్తున్నాము. ఇంతవరకు అది ఆ పరీక్షలలో తప్ప తెరుచుకోలేదు.